పేరు మిగిలిన పల్లె

గ్రామనామాలపై నాకు మొదటినుంచీ మక్కువ. శాసనాలలో రాజుల బిరుదులకన్న, దానమిచ్చిన పొలానికి చెప్పిన ఎల్లలే నన్ను ఎక్కువగా ఆకర్షించేవి. ఆ మక్కువే నన్ను ఐర్లండులోని ఒక మారుమూల పల్లె చరిత్ర దాకా నడిపించింది.

ఆ దేశంలో భూమికి అతి చిన్న విభాగం ‘టౌన్‌లాండ్’. పేరులో టౌన్ ఉన్నా అది పట్టణం కాదు. కొంత పొలం, కొన్ని ఇళ్ళు, వాటికొక పేరు. ఇటువంటివి అక్కడ 60,000 పైచిలుకు. వాటి పేర్లలోనే భూగోళమంతా ఇమిడి ఉంది. ‘బాలీ’ అంటే ఊరు, ‘నాక్’ అంటే గుట్ట, ‘డెరీ’ అంటే ఓక్ చెట్ల వనం. మన పల్లి, కుంట, గూడెం వంటివే ఇవి. 1824లో ఆరంభమైన సర్వేలో బ్రిటిష్ సైనికాధికారులు పటాలు గీయగా, జాన్ ఓడనవన్ అనే ఐరిష్ పండితుడు ఊరూరా తిరిగి పేర్లు సేకరించాడు. అవి ఆంగ్ల వర్ణక్రమంలోకి మారి పటాల కెక్కాయి.

రాస్‌కామన్ జిల్లాలోని బాలీకిల్‌క్లైన్ అటువంటి పల్లె. విస్తీర్ణం సుమారు 600 ఎకరాలు. చుట్టూ తేమ నేలలు, సరస్సులు. ప్రజల ముఖ్యాహారం బంగాళాదుంప. భూమి బ్రిటిష్ రాచరికానిది. దానిని గుత్తకు తీసుకున్న జమీందారీ కుటుంబం గడువు 1834లో ముగిసింది. ఆపై రైతులు కౌలు చెల్లించడం మానివేశారు. న్యాయవాదిని పెట్టుకొన్నారు, విన్నపాలు పంపారు. పన్నెండేళ్ళకు పైగా పట్టు విడువలేదు. ఇంతలో 1845లో దుంపతెగులు వచ్చి మహాక్షామం దాపురించింది. 1847, 48 సంవత్సరాలలో ప్రభుత్వం వారిని వెళ్ళగొట్టి, ఇళ్ళు కూల్చి, దారిఖర్చు లిచ్చి లివర్‌పూల్ మీదుగా న్యూయార్కుకు ఓడ లెక్కించింది.

ఆ పల్లె కథ ఎలా మిగిలింది? వెళ్ళగొట్టినవారి దస్త్రాలలోనే ఆ రైతుల పేర్లు, విన్నపాలు భద్రంగా ఉన్నాయి. వాటి ఆధారంగా రాబర్ట్ స్కాలీ 1995లో ఒక గ్రంథం రచించాడు. తరువాత జరిగిన తవ్వకాలలో ఇంగ్లండులో తయారైన నాణ్యమైన పింగాణీ పాత్రల ముక్కలు విరివిగా బయటపడ్డాయి. దస్త్రాలలో బకాయిదారులుగా నిలిచినవారు తమ ఇంట అందమైన పళ్ళెం ఉండాలని ఆశపడిన గృహస్థులని నేల సాక్ష్యం చెప్పింది.

పటంలో ఊరి పేరు కనబడితే అక్కడితో ఆగిపోకూడదు. ఆ పేరును నోరారా పిలిచిన మనుషులెవరో, వారేమయ్యారో అడగాలి. ఆ ప్రశ్నతోనే చరిత్ర ప్రారంభమవుతుంది.