ఎవరూ తరమని ఉరుకుడు

మా గూడెంలో ఎవరైనా ఉరుకుతుంటే ముందు అడిగే మాట "ఏమైంది?" అని. పాము కరిచిందా, గుడిసె అంటుకుందా, చేన్ల అడవిపందులు పడ్డయా? కారణం లేకుండా ఉరికే మనిషిని మా పెద్దలు చూడలేదు. మార్చిలో మేము ఐదుగురం, ముగ్గురు ఆడపిల్లలు ఇద్దరు మగపిల్లలు, తెల్లవారకముందే ఉట్నూరు రోడ్డెక్కితే ఒక తాత అడ్డం నిలబడ్డాడు. "ఎవ్వలు తరుముతున్రు బిడ్డా?" ఎవ్వరూ లేరు తాతా, హైదరాబాదులో మారథాన్‌కు తయారవుతున్నం అన్నాం. ఎంత దూరమన్నాడు. నలభై రెండు కిలోమీటర్లన్నాం. "బస్సు లేదా?" అన్నాడు. (ఇవన్నీ గోండిలో నడిచిన మాటలే. మీకోసం తెలుగులో రాస్తున్నాం.)

పట్నం మనుషుల మాట వేరే తీరు. పేర్లు నమోదు చేయించడానికి సాయపడిన ఒక సారు, "మీకు ట్రైనింగెందుకు? అడవి బిడ్డలు, మీకు పుట్టుకతోనే వస్తది" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ మెచ్చుకోలులో ఒక నష్టం ఉంది. పుట్టుకతో వచ్చేదానికి బూట్లెందుకు, తిండెందుకు, నేర్పేవాడెందుకు? ఇథియోపియా అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్ ఉత్త కాళ్లతో గెలిచాడని అందరూ చెప్తారు. అదే బికిలా 1964లో టోక్యోలో బూట్లు వేసుకొని మళ్లీ గెలిచాడు. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు, మేమే చదువుకున్నాం. 2014లో పదమూడేండ్లకే ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ కూడా భువనగిరి బండల మీద నేర్చుకొనే అక్కడికి పోయింది.

నడక మాకు కొత్త కాదు, అది నిజం. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశం వాళ్లు గోదావరి నీళ్ల కోసం హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా రోజుల తరబడి నడుస్తారు. కానీ నడిచే కాలు వేరు, ఉరికే కాలు వేరు. మొదటి వారం మూడు కిలోమీటర్లకే మా ఊపిరి గొంతులో ఇరుక్కుంది. అందరికన్నా కష్టమనిపించింది మెల్లగా ఉరకడం. పక్కనున్నవాళ్లతో మాట్లాడగలిగేంత మెల్లగా, మాట తెగితే వేగం తగ్గించాలి. మేము గోండి పాటలు పాడుకుంటూ కొలిచాం. పాట ఆగినచోట నడిచాం. వారంలో ఒక్కనాడు పొడుగు పరుగు, దాన్ని వారం వారం రెండు కిలోమీటర్ల చొప్పున పెంచడం, నాలుగో వారం కొంచెం తగ్గించుకోవడం, ఇదీ పద్ధతి.

ఆ పద్ధతి కాగితంలో "విశ్రాంతి" అని ఒక గడి ఉంటుంది. ఆరు రోజులు కుర్చీలో కూర్చునేవాళ్ల కోసం రాసిన కాగితమది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలేది తెల్లవారుజామునే. మేము ఉరకాల్సిందీ అప్పుడే, పొద్దెక్కితే మా దిక్కు ఎండ మనిషిని నిలవనీయదు. అందుకే మూడింటికి లేచి ఉరికి, వచ్చి బుట్టలు పట్టుకొని చెట్ల కిందికి పోయేవాళ్లం. మేలో తునికాకు. వంగి వంగి నడుము పట్టేస్తే సాయంత్రం ఇంకేం ఉరుకుతాం? అయినా ఆ ఆకే మాకు బూట్లు కొనిపెట్టింది. కట్టకు యాభై ఆకులు, కట్టకు మూడు రూపాయలు. మూడు వేల జోడంటే వెయ్యి కట్టలు, యాభై వేల ఆకులు. ఐదుగురికీ కొనలేకపోయాం. మూడు జతలే వచ్చాయి. ఒకే కొలత పాదాలున్న ఇద్దరు ఒక జతను రోజు మార్చి రోజు వేసుకుంటున్నారు. ఐదోవాళ్లకు మా అన్న పాత జత.

తిండి సంగతి ఇంకా పెద్దది. మాలో ఒకామెకు ఐదు కిలోమీటర్లు దాటితే కళ్లు తిరిగేవి. బద్ధకమని మొదట ఇంట్లో తిట్టారు. నర్సమ్మ రక్తం చూస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది. ఆడవాళ్లకు పన్నెండు గ్రాములన్నా ఉండాలట. ఐరన్ గోళీలు వేసుకుంటూ నెలన్నర ఆమె నడిచిందే తప్ప ఉరకలేదు. ఆ తర్వాత మిగతా ఇద్దరు ఆడపిల్లలం కూడా చూపించుకున్నాం. మాకూ తక్కువే. మారథాన్ పేరు లేకపోతే ఆ సూది మా చేతికి ఎప్పుడు దిగేదో! ఇప్పుడు జొన్నగట్కతో పాటు పప్పు, ఆకుకూర ఇంట్లో అడిగి పెట్టించుకుంటున్నాం. పొడుగు పరుగు రోజు కొంగున ఉట్నూరు ఆడవాళ్లు చేసే ఇప్పపువ్వు లడ్డూలు కట్టుకుపోతాం. పట్నంలో దీనికి గొట్టాల్లో తీపి జిగురు అమ్ముతారు. మా లడ్డూ దానికేం తీసిపోదు.

జూలై చివర్లో చేసిన పొడుగు పరుగు గురించి కొంచెం చెప్పాలి. మా గూడెం నుంచి ఇంద్రవెల్లి స్తూపం పదహారు కిలోమీటర్లు, పోయి వస్తే ముప్పై రెండు. ముందురోజు చెప్తే మా పెద్దమ్మ ముఖం మారింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి సభకు పోయిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపిన రోజు ఆమె అక్కడుంది. చంకలో పిల్లనెత్తుకొని చీకటిపడేదాకా ఉరికింది. "ఉరుకుడంటే నాకు అదే. అటు దిక్కే ఎందుకు?" అంది. మా దగ్గర జవాబు లేదు. ఆ స్తూపం దగ్గర గుమిగూడడానికే ఏండ్ల తరబడి ఆంక్షలుండేవని మాకు తెలుసు. మేము వద్దనుకుంటే ఉట్నూరు దిక్కు పోవచ్చు కూడా.

పోయాం. వాన తుంపర, రోడ్డు మీద లారీలు. స్తూపం దగ్గర బూట్లు విప్పి దండం పెట్టి వెనక్కి తిరిగాం. ఇరవై ఎనిమిది దాటాక తొడలు కట్టెలయ్యాయి, పాట ఆగిపోయింది. మలుపు దగ్గర పెద్దమ్మ చెంబుతో నీళ్లు పట్టుకొని కూర్చుంది. ఎంతసేపయిందో వచ్చి. ఎందుకొచ్చినవని అడగలేదు, ఆమె చెప్పలేదు. ఉప్పు, బెల్లం కలిపిన నీళ్లు. మాకోసం ఒక్కొక్కరికీ పోసి, మా వెనక రోడ్డు దిక్కే చాలాసేపు చూసింది.

ఇంకో పది కిలోమీటర్లు హైదరాబాదులో, ఫ్లైఓవర్ల మీద, ముందెన్నడూ ఉరకని దూరం. పరుగుకు ముందు మూడు వారాలు తగ్గించుకోవాలట, కాళ్లు కోలుకోవడానికి. ఈ ఆదివారం పన్నెండు కిలోమీటర్లే. మిగిలిన పొద్దంతా పత్తిచేన్ల కలుపు తీయాలి.