గట్టి బోర్డా... గాలి బోర్డా?

హైదరాబాద్ నుంచి నర్సాపూర్ వెళ్లే దారిలో వస్తుంది గుమ్మడిదల. 2016లో సంగారెడ్డి జిల్లాతోపాటే మండలమైంది. చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు, ముందుకెళితే నర్సాపూర్ అడవి.

తెలంగాణ చెరువుల్లో చేపలు పట్టేవాళ్లలో కొందరిది తెప్ప, కొందరిది గాలి నింపిన లారీ ట్యూబు. నిలబడి తెడ్డేసే ప్యాడిల్ బోర్డుకీ అదే తేడా. గట్టి బోర్డులో లోపల ఫోమ్, పైన ఫైబర్. నీటిని కోసుకుంటూ సూటిగా సాగుతుంది. కానీ పదడుగులకు పైనే పొడవు, కారు మీద క్యారియర్ ఉండాలి. రాయి తగిలితే పైపొర చిట్లుతుంది.

గాలి బోర్డులో పైపొరనూ కిందిపొరనూ వేల దారాలు పట్టి ఉంచుతాయి. 12-15 పీఎస్ఐ గాలి కొడితే చెక్కలా బిగుసుకుంటుంది. పని అయ్యాక చుట్టి వీపున వేసుకోవచ్చు. గాలి తగ్గితే మాత్రం నడుం వంగుతుంది. ఎండలో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకులు ఊడే ప్రమాదముంది.

మరి గుమ్మడిదల కుర్రాడికి ఏది నయం? ఫ్యాక్టరీల పక్క చెరువులో దిగడం మంచిది కాదు. మంజీరా అభయారణ్యంలో మొసళ్లుంటాయి. వికారాబాద్ జిల్లాలో, కయాకింగ్‌తో పేరొచ్చిన కోట్‌పల్లి లాంటి చోటుకు, అనుమతి కనుక్కుని వెళ్లాల్సిందే. అంత దూరం మోసుకెళ్లేవారికి గాలి బోర్డే మేలు. విశాఖ రుషికొండలో ఒడ్డునే ఇల్లుంటే గట్టిదే కొనొచ్చు. ఏది కొన్నా లైఫ్ జాకెట్ తప్పదు.

తెప్పయినా ట్యూబయినా, ముందు చూడాల్సింది నీళ్లనే!