కెమెరా చూపని ఇరుగుపొరుగు

అలాస్కా అనగానే చాలామంది మనసులో మెదిలే బొమ్మ ఒకటే. మోకాలి లోతు మంచు, అందులో దుంగలతో కట్టిన ఇల్లు, గడ్డం పెంచి భుజాన తుపాకీ వేసుకున్న మనిషి, దూరాన ఎలుగుబంటి. ఈ బొమ్మను గీసింది టీవీ. 2005లో మొదలైన ‘డెడ్లియెస్ట్ క్యాచ్’ దగ్గర్నుంచి ‘ఐస్ రోడ్ ట్రక్కర్స్’, ‘అలాస్కా: ది లాస్ట్ ఫ్రాంటియర్’, ‘లైఫ్ బిలో జీరో’, ‘అలాస్కన్ బుష్ పీపుల్’ దాకా ఇరవై ఏళ్ళుగా వచ్చిన రియాలిటీ షోలు ఒక్కో గీతా కలిపాయి. అందులో మంచు నిజమే, ఎలుగుబంటి నిజమే, చలి మరీ నిజం. ఆ షోలన్నీ కలిసి చూసేవాడికి నేర్పిన పాఠమే తప్పు. మారుమూల ఉత్తరాన బతకడమంటే ఒక్క మనిషో, మహా అయితే ఒక్క కుటుంబమో, ఎవరి సాయమూ లేకుండా ప్రకృతితో తలపడడమన్నది ఆ పాఠం. అక్కడి బతుకు దీనికి పూర్తిగా ఎదురు. మనుషులు ఒకరి మీద ఒకరు ఎంత గట్టిగా ఆధారపడితే అంత బాగా బతకగలిగిన నేల అది. ఆ ఆధారాన్ని చెరిపేసి చూపించినందువల్ల నష్టపోయేది అక్కడ తరతరాలుగా ఉంటున్నవాళ్ళే.

ముందు ఒక ఊరిని దగ్గరగా చూద్దాం. అలాస్కా నైరుతిలో, కుస్కొక్విమ్ నది ఒడ్డున బెతెల్ ఉంది. జనం ఆరు వేల పైచిలుకు, ఎక్కువమంది యూపిక్ జాతివాళ్ళు. ఆంకరేజ్ నగరం నుంచి దాదాపు 640 కిలోమీటర్ల దూరం, మధ్యలో రోడ్డు లేదు. విమానంలో వెళ్ళాలి, వస్తువులైతే వేసవిలో బార్జి మీద నదిలో వస్తాయి. టీవీ కొలతల్లో ఇది మారుమూలకే మారుమూల. అయినా అక్కడ టాక్సీలు తిరుగుతాయి, ఆసుపత్రి ఉంది, కాలేజీ ఉంది, ఇంగ్లీషులోనూ యూపిక్ భాషలోనూ వార్తలు చెప్పే రేడియో 1971 నుంచి పనిచేస్తోంది. చుట్టుపక్కల డెల్టాలో పదుల కొద్దీ పల్లెలున్నాయి. నది గడ్డకట్టాక దాని మీద మంచు తోసి దారి తీస్తారు, ఆ దారిన ఊరి నుంచి ఊరికి కార్లు నడుస్తాయి. పల్లెల్లో కరెంటు డీజిల్ జనరేటర్లది. ఆ డీజిల్‌ను నీళ్ళు కరిగి ఉన్న నెలల్లోనే బార్జి తెచ్చి ట్యాంకుల్లో నింపిపోవాలి. అలా వచ్చిన కరెంటు సామాన్యుడు భరించలేనంత ఖరీదు కాబట్టి ఇంటి బిల్లులో కొంత భాగాన్ని 1980ల నుంచి రాష్ట్ర ప్రభుత్వం మోస్తోంది. కొట్లోకి పిండి, బియ్యం, డబ్బా పాలు వచ్చే పద్ధతి ఇంకా విశేషం. దాన్ని ‘బైపాస్ మెయిల్’ అంటారు, 1972లో మొదలైంది. నగరంలోని వ్యాపారి కనీసం వెయ్యి పౌండ్ల సరుకు కట్టలు కట్టి, పోస్టాఫీసు గడప తొక్కకుండా నేరుగా విమాన సంస్థకు అప్పగిస్తాడు. అతను కట్టేది పార్సెల్ రేటే, అసలు రవాణా ఖర్చులో పెద్ద వాటా తపాలా శాఖది. అంటే పల్లెకొట్టు తలుపు తెరుచుకోవాలంటే పైలట్ నుంచి దేశమంతటి తపాలా వ్యవస్థ దాకా ఒక పెద్ద గొలుసు కదలాలి.

వైద్యం సంగతీ అంతే. చాలా పల్లెల్లో డాక్టరు ఉండరు. ఊళ్ళోవాళ్ళలోనే ఒకరికి శిక్షణ ఇచ్చి ‘హెల్త్ ఎయిడ్’గా పెట్టే ఏర్పాటు 1960ల నుంచి ఉంది. ఆ మనిషి రోగిని చూసి, దూరాన ఉన్న డాక్టరుకు ఫోనులో లక్షణాలు చెప్పి, ఆయన చెప్పిన వైద్యం చేస్తారు. ప్రసవం మాత్రం పల్లెలో వద్దంటారు. అందుకని గర్భిణి నెలలు నిండకముందే, ఇంకా నాలుగు వారాలో అంతకు ఎక్కువో ఉందనగా, చిన్న విమానమెక్కి బెతెల్ వచ్చి అక్కడి వసతి గృహంలో తనలాంటి ఆడవాళ్ళ మధ్య రోజులు గడుపుతుంది. పెద్ద పిల్లల్ని ఈలోగా అమ్మమ్మో పిన్నో చూసుకోవాలి. సాలూరులో మన మన్యం గర్భిణుల కోసం పెట్టిన వసతి గృహం గురించి విన్నవారికి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. కొండ మీదైనా మంచులోనైనా దూరం కలిగించే కష్టం ఇదే, దానికి మనుషులు కనిపెట్టిన ఉపాయమూ ఇదే. ఉత్తరాది ఆడదాని జీవితంలో ఎలుగుబంటి ఎదురుపడే రోజు రాకపోవచ్చు, ఈ నెల రోజుల ఎదురుచూపు మాత్రం దాదాపు ప్రతి కాన్పుకూ వస్తుంది.

మరి ఇదంతా తెర మీదికి ఎందుకు రాదు? కారణం ఎవరి దురుద్దేశమో అనుకోను. రియాలిటీ షో అల్లికే అలాంటిది. ప్రతి భాగానికీ ఒక గండం కావాలి, ముంచుకొచ్చే చలికాలం కావాలి, దాన్ని తన చేతులతో గట్టెక్కే మనిషి కావాలి. పక్కింటివాడు వచ్చి చెయ్యి వేస్తే గండం తేలిపోతుంది. అందుకే ఫ్రేములోంచి ముందు తప్పుకునేది పక్కిల్లే. ‘ది లాస్ట్ ఫ్రాంటియర్’ కిల్చర్ కుటుంబాన్నే చూడండి. వాళ్ళ భూమి హోమర్ పట్నానికి ఇరవై కిలోమీటర్లలోపే ఉంది. హోమర్‌లో ఆసుపత్రి, సూపర్‌మార్కెట్, ఆంకరేజ్ దాకా హైవే ఉన్నాయి. ఇంతకంటే ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటుంది. స్విట్జర్లాండ్ నుంచి వచ్చి ఆ భూమిలో స్థిరపడ్డ ఇంటి పెద్ద యూల్ కిల్చర్ 1955-56లో అలాస్కా రాజ్యాంగాన్ని రాసిన 55 మంది ప్రతినిధుల్లో ఒకరు, తర్వాత రాష్ట్ర సెనేటర్. నాగరికతకు దూరంగా పారిపోయిన కుటుంబంగా మనం చూసినవాళ్ళ పెద్ద, అక్కడి నాగరిక వ్యవస్థకు పునాది వేసినవాళ్ళలో ఉన్నాడన్నమాట. ఆ జీవితం షోలో ఉన్నదానికంటే గొప్పదని నా అభిప్రాయం.

2019 నాటి ‘అలోన్’ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. కెనడా వాయవ్య ప్రాంతంలోని గ్రేట్ స్లేవ్ సరస్సు తూర్పు పాయ ఒడ్డున పదిమందిని విడివిడిగా వదిలేశారు. ఎవరి కెమెరా వారే పట్టుకోవాలి, ఎక్కువ రోజులు నిలబడ్డవారికి అయిదు లక్షల డాలర్లు. ఓర్చుకోలేనివాళ్ళు శాటిలైట్ ఫోను నొక్కితే వచ్చి తీసుకెళ్తారు. అందులో నిజాయితీ ఉంది, ఆకలి నిజమైన ఆకలే. గెలిచినతను దుప్పిజాతి మూస్‌ను ఒంటరిగా వేటాడి 77 రోజులు నిలబడ్డాడు. చూసేవాడికి మిగిలేది మాత్రం ఆ ఒడ్డు ఎవరిదీ కాని అడవి అన్న భావం. ఆ తూర్పు పాయ దెనె జాతివాళ్ళ ఇంటి నేల, దాని ఒడ్డున వాళ్ళ ఊరు లుట్సెల్ కే ఉంది. ఆ షో ప్రసారమైన 2019లోనే, ఏళ్ళ తరబడి సాగిన చర్చల తర్వాత, ఆ ఊరివాళ్ళు కెనడా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని తైదెనె నెనె అనే సంరక్షిత ప్రాంతాన్ని సాధించారు. దాని పాలనలో వాళ్ళకు భాగం ఉంది. ఆ సరస్సుకు ఆ ఏడాది జరిగిన పెద్ద సంఘటన అదే. లోకానికి తెలిసింది మూస్ వేట.

ఆ మాటకొస్తే ఉత్తరాన జరిగే అన్నిటికంటే పెద్ద వేట ఒంటరి మనిషి తరం కానే కాదు. అలాస్కా ఆర్కిటిక్ తీరంలోని ఉట్కియాగ్విక్‌లో ఇనుపియాట్ జాతివాళ్ళు బోహెడ్ తిమింగలాన్ని వేటాడుతారు. ఒక్కో పడవకూ ఒక కెప్టెన్, అతని బృందం. ఎన్ని కొట్టవచ్చో కోటా ఉంటుంది. దాన్ని పంచేది 1977లో వేటగాళ్ళే ఏర్పరచుకున్న సంఘం. తిమింగలం దొరికిందని రేడియోలో కబురు రాగానే జనం మంచు మీదికి వస్తారు, తాళ్ళు కట్టి వరసగా నిలబడి లాగుతారు. కోసేవాళ్ళు పొడుగాటి కర్రలకు బిగించిన కత్తులతో చర్మమూ కొవ్వూ పలకలుగా కోస్తుంటే, కొక్కేల వాళ్ళు వాటిని పక్కకు ఈడుస్తారు. ఏ భాగం కెప్టెన్‌ది, ఏది సాయం వచ్చిన బృందాలది, ఏది జూన్ పండగకు దాచాలి అన్నది అందరికీ తెలిసిన కట్టుబాటు. కెప్టెన్ గౌరవం ఎంత తెచ్చాడన్న దాని మీద కాక ఎంత పంచాడన్న దాని మీద నిలుస్తుంది. కెప్టెన్ భార్య నెలల ముందు నుంచి బృందానికి బట్టలు, తిండి, పడవకు తోళ్ళు సిద్ధం చేయకపోతే వేటే లేదు.

ఇవి వినోదం కోసం తీసినవని అందరికీ తెలుసు, టీవీ చూసి ఎవరు నమ్ముతారు అనవచ్చు ఎవరైనా. నిజమే, ఎలుగుబంటి సరిగ్గా ప్రకటనల ముందు రావడం అమర్చినదేనని ప్రేక్షకుడు పసిగడతాడు. కానీ మనం శంకించేది సంఘటనను, దాని వెనక ఉన్న ఖాళీ నేలను శంకించం. మెదడులో నిలిచిపోయేది ఆ వెనక తెరే. టీవీ కాకుండా పుస్తకమూ సినిమా కలిసి చేసిన పనైనా, అదే కోవకు చెందిన ఒక ఉదాహరణ ఉంది. ‘ఇన్‌టు ద వైల్డ్’ కథలోని యువకుడు 1992లో అలాస్కా అడవిలోని ఒక పాత బస్సులో ఆకలితో చనిపోయాడు. కథ వ్యాపించాక ఆ బస్సును చూడాలని జనం అడవిలోకి నడక మొదలుపెట్టారు. దారిలోని టెక్లనికా నదిలో 2010లో ఒకరు, 2019లో మరొకరు కొట్టుకుపోయి చనిపోయారు. ఎంతోమందిని స్థానిక రక్షక బృందాలు వెతికి తీసుకురావలసి వచ్చింది. చివరికి 2020 జూన్‌లో సైనిక హెలికాప్టర్‌తో ఆ బస్సును ఎత్తుకుపోవలసి వచ్చింది. వినోదమని తెలిసీ నమ్మినవాళ్ళే వాళ్ళంతా. వాళ్ళ ప్రాణాలు కాపాడే భారం కథలో కనిపించని పొరుగువాళ్ళ మీద పడింది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. అన్ని షోలనూ ఒకే గాటన కట్టకూడదు. ‘లైఫ్ బిలో జీరో’లో నూర్విక్ ఊరి కుటుంబం ఉంది, కోయుకాన్ జాతి వేటగాడు ఉన్నాడు, 2022లో స్థానిక జాతులకే ప్రత్యేకించిన షో కూడా వచ్చింది. ఒప్పుకుంటాను, అది మంచి మార్పు. తల్లి పిల్లలకు చేపలు కోయడం నేర్పే దృశ్యం వంద గండాల పెట్టు. అయినా కుటుంబం దగ్గరే కెమెరా ఆగిపోతే ఊరికి వచ్చే కష్టం అర్థం కాదు. యూకాన్ నదిలో చినూక్ సాల్మన్ ఎంతగా తగ్గిపోయిందంటే, 2024లో అలాస్కా, కెనడా కలిసి ఏడేళ్ళపాటు దాన్ని పట్టకూడదని ఒప్పందం చేసుకున్నాయి. నది పొడవునా వేసవి శిబిరాల్లో చేపలు ఎండగట్టే కర్రలు ఖాళీగా ఉన్నాయి. తిండి పోవడం ఒక్కటే కాదు, తాతలు మనవలకు పని నేర్పే చోటే పోయింది. సముద్రం వేడెక్కడమా, నడి సముద్రంలో పెద్ద ఓడల వలలా, నదిలో వ్యాధులా అన్న వాదన మండళ్ళలో, కోర్టుల్లో నడుస్తోంది. ఒంటరి మనిషి ధైర్యంగా ఉంటే గట్టెక్కే గండం కాదిది. ఒంటరి మనిషి కథలకు అలవాటుపడ్డ ఓటరుకు, అలా చలిలో ఉండడం వాళ్ళు ఎంచుకున్న సాహసం కదా, మన పన్నుల డబ్బు తపాలాకూ కరెంటుకూ ఎందుకు అనిపించడం ఎంత తేలికో ఆలోచించండి.

ఈ షోలు లేకపోతే ఆ నేల పేరే ఎవరికీ తెలియదు కదా, హంగు లేకుండా తీస్తే ఎవరు చూస్తారు అన్నది చివరి మాట. దీనికి జవాబు కెనడా ఆర్కిటిక్‌లోని ఇగ్లూలిక్ ఊరు ఎప్పుడో చెప్పింది. టీవీ ఇస్తామంటే ఆ ఇనూయిట్ ఊరు 1975లో ఓటు వేసి వద్దంది, 1979లోనూ వద్దంది. తమ భాషలో ఒక్క కార్యక్రమమైనా లేని టీవీ తమకు అక్కర్లేదన్నారు. ఇనూయిట్‌లదే ఒక ప్రసార సంస్థ ఏర్పడ్డాకే, 1980ల తొలినాళ్ళలో ఒప్పుకున్నారు. ఆ ఊరి జకరయాస్ కునుక్ తాను చెక్కిన రాతిబొమ్మలు అమ్మిన డబ్బుతో 1981లో వీడియో కెమెరా కొన్నాడు. తన ఊరివాళ్ళతో తన భాషలో అతను తీసిన ‘అతనర్జువట్’ 2001లో కాన్ ఉత్సవంలో తొలి చిత్ర దర్శకుడికిచ్చే బహుమతి తెచ్చుకుంది. 2025లో వచ్చిన ‘నార్త్ ఆఫ్ నార్త్’ సిరీస్‌ను ఇద్దరు ఇనూయిట్ మహిళలు సృష్టించారు, నునావుట్ రాజధాని ఇకాలువిట్‌లోనే చిత్రీకరించారు. నెట్‌ఫ్లిక్స్ ద్వారా అది దేశాలు దాటింది, రెండో సీజన్‌కూ అనుమతి వచ్చింది. అందులో భర్తను విడిచి సొంతంగా బతకాలనుకునే ఓ యువతి, ఆమె తల్లి, చిన్న కూతురు, ఉద్యోగం వెతుకులాట ఉన్నాయి. మంచు ఉంది, చలి ఉంది. ఆమె ఏం చేసినా సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది, ఆమె పడే ఇబ్బందుల్లో సగం దాని నుంచి పుట్టినవే, ఆమెకు అందే సాయంలో సగమూ దాని నుంచి వచ్చినదే.