నేనూ, నా కెమెరా

నలభై దాటిన ఆడది ఏం కొనుక్కుంటానన్నా ఇంట్లోవాళ్ళకి పెద్దగా అభ్యంతరం ఉండదు. అది కుక్కరో, పట్టుచీరో, మోకాళ్ళనొప్పుల తైలమో అయినంతవరకూ! నేను కెమెరా కొనుక్కుంటానన్నాను. మావారు చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన పేపరు మడవడమంటే మా ఇంట్లో సామాన్యమైన విషయం కాదు.

"ఫోనులో ఉందిగా కెమెరా?" అన్నారు.

"ఫోనులో గడియారం కూడా ఉంది. మరి మీ చేతికి ఆ వాచీ ఎందుకో?" అన్నాను.

ఆయన మళ్ళీ పేపరు విప్పారు. అదే అనుమతి అనుకున్నాను.

ఇంతకీ నాకీ పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా జలంత్రకోట చుట్టుపక్కల సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు దాకా ఉద్దానమంటే కొబ్బరితోటలూ, జీడితోటలే. ఉద్యానవనమే ఉద్దానం అయిందని పెద్దలంటారు. మా పుట్టింటి పెరట్లో పదకొండు కొబ్బరిచెట్లుండేవి. తెల్లవారి చూస్తే రెండు మిగిలాయి.

నెల పోయాక అమ్మ, "మన పెరటి ఫొటో ఒకటి చూపించవే, చూడాలనుంది" అంది. ఫోనంతా గాలించాను. పిల్లల పుట్టినరోజు కేకులున్నాయి, నేను కట్టిన చీరలున్నాయి, ఎప్పుడో హోటల్లో తిన్న మసాలాదోసె కూడా ఉంది. పెరడు మాత్రం లేదు. ఎప్పుడూ కళ్ళెదురుగా ఉండేదాన్ని ఎవరు ఫొటో తీస్తారు చెప్పండి?

ఆ ఫోనుతోనే ఇకముందు తియ్యొచ్చుగా అంటారేమో. తియ్యొచ్చు. కాని ఫోను చేతిలో ఉంటే ఎప్పుడైనా తీస్తాంలే అనుకుంటాం, తియ్యం. డబ్బు పోసి కొన్న బరువైన వస్తువు మెళ్ళో వేలాడుతూంటే తియ్యక చస్తామా!

2019లో విశాఖపట్నం వెళ్ళాం. షాపులో కుర్రాడు కొనేదాన్ని నన్ను వదిలేసి మావారికే పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. "ఇరవైనాలుగు మెగాపిక్సెల్స్ సార్!" అన్నాడు. ఆయన గంభీరంగా తల ఊపారు. మిక్సీ జారు సరిగా బిగించడం రాని మనిషి!

నేను మాత్రం రెండు మూడు కెమెరాలు చేత్తో పట్టుకుని, వంకాయలు ఏరుకున్నట్టు తిప్పి తిప్పి చూశాను. కెనాన్ 1500డి, నికాన్ డి3500, రెండూ 2018లో వచ్చినవే. నికాన్ నా చేతిలో చక్కగా ఇమిడింది. బ్యాటరీతో కలిపి నాలుగువందల గ్రాముల పైచిలుకు. దాంతోపాటు 18-55 లెన్సు ఒకటి. మావారు బిల్లు వైపు చూడకుండా ఉన్న శుభముహూర్తంలో 50 మిల్లీమీటర్ల లెన్సు మరొకటి.

ఇంటికొచ్చి చదువుకున్నాక తెలిసింది, కుర్రాడు చెప్పిన లెక్క ఒక్కటే చూడకూడదని. వెలుతురు పట్టే సెన్సారు అనే పలక ఎంతుందన్నది కూడా చూడాలి. ఫోనుల్లో అది సాధారణంగా చిటికెనవేలి గోరంత ఉంటుంది. ఇందులో తపాలాబిళ్ళంత. వాకిలి పెద్దదైతే ఇంట్లోకి వెలుతురు ఎక్కువ రాదూ? 1991లో కోడక్ వాళ్ళు అమ్మిన మొదటి డిజిటల్ ఎస్సెల్లార్‌లో 1.3 మెగాపిక్సెల్సేనట. బొమ్మలు దాచే పెట్టెను విడిగా భుజాన వేసుకు తిరగాలట. 2003లో కెనాన్ 300డి వెయ్యి డాలర్లలోపు ధరకి వచ్చాకనే ఇలాంటివి నాబోటివాళ్ళ చేతికి అందడం మొదలైంది. ఇప్పుడు కొత్తగా వచ్చేవి చాలావరకు అద్దంలేని కెమెరాలు. అందుకని నావంటివి వాడినవి చవగ్గా దొరుకుతున్నాయి. కొనేముందు లెన్సుని వెలుతురుకి పట్టి, లోపల బూజు ఉందేమో చూసుకోండి. మా సముద్రపుగాలికి ఊరగాయకే కాదు, లెన్సుకీ బూజు పడుతుంది. నేను గట్టిమూత డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి దాస్తాను.

అద్దం అన్నాను కదూ, అందులోనే ఉంది తమాషా అంతా. లెన్సులోంచి వచ్చిన వెలుతురు లోపల ఏటవాలుగా ఉన్న చిన్న అద్దం మీద పడి, పైకి వెళ్ళి, మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే ఆ అద్దం టపుక్కున పైకి లేస్తుంది. వెలుతురు వెనకనున్న సెన్సారు మీద పడుతుంది. ఆ కాసేపూ మన కంటికి చీకటి. అంటే, ఏ క్షణాన్ని దాచుకుంటున్నామో సరిగ్గా ఆ క్షణాన్నే మనం చూడం!

మొదటి నెల నేను తీసినవి ఎవరికీ చూపించలేదు. లెన్సు మూత తియ్యకుండా కన్ను పెట్టి, కెమెరా పాడైపోయిందని గోల చేశాను. బారువ బీచిలో మిట్టమధ్యాహ్నం మావారిని సముద్రానికి వీపు పెట్టి నించోబెడితే మొహం నల్లగా మాడిపోయి వచ్చింది. తేలినీలాపురంలో చెట్ల నిండా పెలికాన్లు. నా చిన్న లెన్సుకి అవి కొమ్మల మీద ఆరేసిన చేతిరుమాళ్ళలా పడ్డాయి.

చివరికి వంటింట్లో జీడిపప్పు వేయిస్తూండగా బుర్రకి తట్టింది. మంట పెద్దదైతే కొద్దిసేపు, చిన్నదైతే ఎక్కువసేపు. లెన్సు కన్ను ఎంత తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి అన్నదీ అంతే. చీకట్లో కనబడాలని ఐఎస్ఓ మరీ పెంచితే బొమ్మంతా ఉప్మారవ్వ చల్లినట్టుంటుంది. ఈ మూడూ కుదిరితే వంట కుదిరినట్టే.

అలా నాకు ఊళ్ళో "కెమెరా అమ్మ" అని పేరొచ్చింది. పోయినేడాది ఒక ఆదివారం, జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళే ఒకావిడ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. జీడిరసానికి వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

"మా ఇంటాయన ఫొటో ఒకటి తీత్తారేటమ్మా?"

"దేనికమ్మా, ఆసుపత్రి కాగితాలకా?"

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "మా మావ పోయినప్పుడు ఆధార్ కార్డులో బొమ్మే పెద్దది సేయించినామమ్మా. దణ్ణం ఎట్టినప్పుడల్లా మమ్మల్ని కోప్పడతన్నట్టే ఉంటాడు. బతికినన్నాళ్ళూ ఒక్క మాట అన్నోడు కాడు" అంది.

నాకు అర్థమైంది. మా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు సంగతి మీరు చదివే ఉంటారు. పలాసలో 2023 డిసెంబరులో పెద్దాసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి తాగునీటి పథకం కూడా అప్పుడే మొదలైంది. జబ్బుకి ఇదీ కారణమని ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. ఆవిడ భర్త వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళి వస్తాడు.

ఏ గోడకని, ఏ మేకుకని ఆ ఫొటో అడుగుతోందో తెలిశాక నాకు చేతులాడలేదు. కళ్ళెదుట ఉన్న మనిషిని అందుకోసం తియ్యడమా? ఆ రాత్రి మావారు పేపరు అడ్డం లేకుండానే అన్నారు, "తియ్యి. మీ పెరటి సంగతి మర్చిపోయావా?"

మర్నాడు వాళ్ళ వసారాలో, పొద్దుటి వెలుతురు మొహాన పడేలా కుర్చీ వేయించాను. 50 లెన్సు బిగించాను. ఆయన తెల్లచొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై తీశాను. ఇరవైలోనూ అదే ఆధార్ మొహం.

"నవ్వాలేటమ్మా?" అన్నాడు భయంగా.

"మీ ఇష్టం బాబూ" అని, కెమెరాకి కన్ను ఆనించి అలాగే ఉండిపోయాను.

ఆవిడ ఊరుకోలేక వచ్చి ఆయన కాలరు సర్దింది. నల్లటి వేలిమరక తెల్లటి కాలరుకి అంటుకుంది. నాలిక్కరుచుకుంది. ఆయన తలెత్తి చూసి, "పెళ్ళినాడూ ఇదే పని సేసినావే!" అన్నాడు. మీట నొక్కాను. అద్దం లేచింది. నాకేమీ కనబడలేదు.

తరవాత కెమెరా వెనక తెరమీద చూశాను. ఆయన నవ్వుతున్నాడు. నన్ను చూసి కాదు, ఆవిణ్ణి చూసి. పక్కన ఆవిడ చెయ్యి అడ్డంగా పడింది. కాలరు మీద మరక కూడా ఉంది. కంప్యూటరులో ఆ చెయ్యి కత్తిరించెయ్యొచ్చని మా అబ్బాయి అన్నాడు. నేను వద్దన్నాను.

సోంపేటలో పెద్దది వేయించి ఇస్తే ఆవిడ చాలాసేపు చూసి, "ఈ సెయ్యి నాదే" అంది.

వారం పోయాక అటు వెళ్ళాను. మామగారి పటం పక్కన మేకు ఖాళీగా ఉంది. ఫొటో ఎదుటి గోడకి, కేలండరు పక్కన ఉంది. మంచం మీద పడుకుంటే కనిపించేచోట.

"అక్కడ ఎట్టనిచ్చినోడు కాడమ్మా. నాను సూసుకోడానికి అన్నాడు" అందావిడ, ఫిర్యాదు చేస్తున్నట్టు.

ఆయన మంచం మీద లేచి కూర్చుని, "ఈపాలి దీన్ని కూడా పూర్తిగా తియ్యండమ్మా. ఒట్టి సెయ్యే వచ్చింది" అన్నాడు.

కెమెరా తేవడానికి ఇంటికి పరుగెత్తాను. దారిలో పుట్టిల్లు. పెరట్లో ఆ రెండు చెట్లూ, అమ్మ నాటించిన తొమ్మిది మొక్కలూ ఉన్నాయి. మొక్కలప్పుడే నా తల దాటి పెరిగాయి. తిరిగి వెళ్ళేటప్పుడు ఒక్క నిమిషం ఆగి వాటినీ తీశాను, అమ్మ అడక్కముందే.