కమాను కట్టలూ, గ్రీజు మరకలూ

వాన వెలిసిన సాయంత్రం పెరట్లో గోనెపట్టా పరచుకుని జీపు కింద వెల్లకిలా పడుకున్నవాడికి ప్రపంచం ఎంతగా కుదించుకుపోతుందో అనుభవించినవారికే తెలుస్తుంది. కళ్ళకు జానెడు దూరంలో ఇరుసు. దానిమీద పాడేరు కొండల ఎర్రమట్టి, ఆ మట్టిమీద నూనె, ఆ నూనెమీద చోడవరం దుమ్ము. స్క్రూడ్రైవరుతో గీకితే పొరలు పొరలుగా రాలుతుంది. పురావస్తు శాఖవారు చేసే పని కూడా ఇంచుమించు ఇలాంటిదేనేమో!

మాది 1992 నాటి మహీంద్రా ఎం.ఎం. 540. ఏజెన్సీ మండలాల్లో కల్వర్టులూ, బడి గదులూ కట్టించే చిన్న కాంట్రాక్టరుగా ఉన్న నాన్నగారు 1995లో సెకండ్ హ్యాండులో కొన్నారు. ఈ బండి కులగోత్రాలు కాస్త చిత్రమైనవి. దేహమేమో అమెరికావారి విల్లీస్ జీపు వంశానిది. ఆ జీపులను మహీంద్రావారు 1947లో విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. గుండెకాయ మాత్రం ఫ్రెంచివారి ప్యూజో సంతతి, 2112 సి.సి. డీజిలు ఇంజను. 62 గుర్రాల బలమని పుస్తకంలో ఉంది. ముప్పయ్యేళ్ళు దాటాక అందులో ఎన్ని గుర్రాలు మిగిలాయో, ఎన్ని మేతకు పోయాయో లెక్కపెట్టే సాహసం నేను చేయలేదు.

రిపేరు షెడ్డులో వినబడే మాటలంటే నాకు మొదటినుంచీ మక్కువ. అడుగున బండి బరువు మోసే ఇనుప పట్టీల దొంతరను మావాళ్ళు కమాను కట్టలంటారు. కమాను అంటే పారశీకంలో విల్లు. ఎవరు పెట్టారో గాని ఎంత సరైన పేరు! కొత్తలో నిజంగానే ఎక్కుపెట్టిన విల్లులా వంగి ఉంటాయి. బరువు మోసి మోసి ఒకనాటికి చదునవుతాయి. అప్పుడు బండి కుంగిపోయి, చిన్న గుంటకు కూడా ఇరుసు వెళ్ళి ఛాసిస్‌కు తగులుతుంది. మా వెనక కట్టల్ని విప్పి, కొలిమి పనివాడి చేత మళ్ళీ వంపు తీయించాము. ఇంకో పట్టీ అదనంగా వేయించమని చాలామంది సలహా ఇచ్చారు. వేయించాను. ఆ తరువాత మాడుగుల దాకా వెళ్ళి వచ్చేసరికి నా వెన్నెముకలో పూసలన్నీ ఒక్కొక్కటిగా పలకరించాయి. మర్నాడే తీయించేశాను. బండి ఎత్తు పెంచుకోవడం వేరు, సుఖం పెంచుకోవడం వేరు.

తరువాతి ఘనకార్యం ముందు చక్రాలకు లాకింగ్ హబ్బులు పెట్టించడం. అవి లేకపోతే నాలుగు చక్రాల లీవరు వేయకున్నా ముందు ఇరుసులోని కడ్డీలన్నీ చక్రాలతోపాటు ఊరికే తిరుగుతూ అరుగుతూ ఉంటాయి. హబ్బులు విప్పితే చక్రం మాత్రమే తిరుగుతుంది. బాగానే ఉంది. అయితే అవసరమైనప్పుడు దిగి, వాటిని చేత్తో తిప్పి బిగించాలన్న చిన్న మెలిక ఒకటుంది. ఆ ఏడు వానల్లో ఒక మిత్రుడి చెరకు తోటలో దిగబడ్డాను. దర్జాగా లీవరు లాగాను. వెనక చక్రాలు బురద చిమ్మాయి, ముందువి మౌనవ్రతం పట్టాయి. అరగంట పాటు గేరుబాక్సును, దాన్ని తయారుచేసినవారిని నిందించాక గుర్తొచ్చింది, నేను హబ్బులు బిగించనే లేదని. అప్పటికి ఆ రెండూ బురదలో మునిగి ఉన్నాయి.

హెడ్‌లైట్లకు రిలేలు పెట్టడం మాత్రం ఏ మచ్చా లేని విజయం. పాత వైరింగులో కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్చు గుండానే పోయేది. దారిలోనే సగం ఆవిరై, దీపాలు గుడ్డి లాంతర్లలా ఉండేవి. ఇప్పుడు స్విచ్చు రిలేకు ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది, బ్యాటరీ నుంచి లావుపాటి తీగ నేరుగా బల్బులకు వెళుతుంది. ఖర్చు స్వల్పం, వెలుగు రెట్టింపు.

ఇవన్నీ ముచ్చట్లు. అసలు సంగతి బ్రేకులు.

మా జీపుకు మొదట ఉన్నది ఒంటి గొట్టపు ఏర్పాటు. ఒకే మాస్టర్ సిలిండరు, అందులోంచి నాలుగు చక్రాలకూ ఒకే ద్రవం. ఎక్కడ ఒక్క వాషరు చిరిగినా నాలుగు చక్రాలూ ఒకేసారి అనాథలవుతాయి. 1998 శ్రావణంలో పాడేరు నుంచి దిగుతుండగా జరిగింది అదే. నాన్నగారు నడుపుతున్నారు, అమ్మ పక్కన, నేనూ తమ్ముడూ వెనక. మోదకొండమ్మ పాదాల దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుని బయలుదేరాము. రెండు మలుపులు తిరిగాక పెడలు నేలకు అంటుకుపోయింది. చేతి బ్రేకు లాగినా ఆ దిగుడుకు చాలలేదు. ఆయన గేరు తగ్గించి, బండిని కొండవైపు కాలువలోకి దింపి, రాతికి రాయించి ఆపారు. అమ్మకు ఎడమ భుజం ఎముక విరిగింది. ఎక్కిన గేరులోనే దిగాలని మాకు పాఠం చెప్పే మనిషి ఆ రోజు కూడా అలాగే దిగుతున్నారు. లేకపోతే ఈ నాలుగు ముక్కలూ వ్రాయడానికి నేనుండేవాణ్ణి కాను.

ఆ తరువాత అమ్మ జీపెక్కలేదు. ఒక్కసారి కూడా.

చాలా ఏళ్ళకు, తాను పోవడానికి కొద్ది నెలల ముందు, నాన్నగారు నాతో ఒక మాట చెప్పారు. పెడలు మెత్తబడిందని ఆయనకు అప్పటికి నాలుగు రోజుల ముందే తెలుసట. బిల్లు డబ్బులు చేతికొచ్చాక చేయిద్దామని ఆగారట. అమ్మకు చెప్పవద్దన్నారో, చెప్పమన్నారో ఆయన అనలేదు. నేను చెప్పలేదు.

2022లో రిజిస్ట్రేషను గడువు ముగిసింది. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి అయిదేళ్ళకోసారి పునరుద్ధరణ తప్పదు. అంతవరకూ 600 రూపాయలున్న రుసుము ఆ ఏడు ఏప్రిల్ నుంచి 5000 అయింది. అదే నెలలో చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది. విశాఖ నాటి ఏపీ 31 నంబరుతో మా జీపు ఒక్కటే పాత జిల్లాలో ఉండిపోయింది. “తుక్కుకిచ్చేద్దాం అన్నయ్యా, నువ్వూ ఒకరోజు దాన్నెక్కడికో తీసుకెళ్ళి...” అని తమ్ముడు హైదరాబాదు నుంచి ఫోనులో అని, వాక్యం పూర్తి చేయలేదు.

మా మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. నాన్నగారి కాలం నుంచీ ఆయనే. కళ్ళకు శుక్లాలు, చేతికి వణుకు. కొడుకు మోటారు సైకిళ్ళు తప్ప ముట్టుకోడు. “ఇంజినుదేటుంది బాబూ, ఆగిపోతే ఆగిపోద్ది. ఆగాల్సినప్పుడు ఆగనిదే సూసుకోవాల. నాను సెప్తాను, నువ్వే సెయ్యి” అన్నాడు.

అలా మొదలైంది నా విద్యాభ్యాసం. రెండు గదుల మాస్టర్ సిలిండరు వేశాము. ముందు చక్రాలకొక గది, వెనక వాటికొక గది. ఒకటి మోసం చేసినా రెండోది మిగులుతుంది. గొట్టాలన్నీ కొత్తవి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుందనీ, తేమ చేరితే వేడికి త్వరగా మరిగి ఆవిరి బుడగలు కడుతుందనీ, ఘాటులో పెడలు మెత్తబడడానికి అదీ ఒక కారణమనీ అప్పుడే తెలుసుకున్నాను. ఇప్పుడు రెండేళ్ళకోసారి మారుస్తాను. ఇంకా పెద్ద ఇంజనూ, వెడల్పు టైర్లూ వేయమని చెప్పేవాళ్ళున్నారు గాని నాకా ఆశ లేదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లో చెప్పనే చెప్పింది. పని పూర్తయ్యాక స్వయంభూ వినాయకుడి గుడి దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. గొట్టాలు బిగించినవాణ్ణి నేనే గనుక నిమ్మకాయల అవసరం మామూలు కంటే ఎక్కువే.

బ్రేకుల్లోంచి గాలి తీయడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఒకరు పెడలు నొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర నిపిల్ వదులు చేసి, మళ్ళీ బిగించాలి. మొన్న సంక్రాంతి ముందు ద్రవం మారుస్తుంటే మేస్త్రికి జ్వరం. పెరట్లో గుమ్మడి వడియాలు పెడుతున్న అమ్మను పిలిచాను. వస్తుందనుకోలేదు. చేతులు కడుక్కుని వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుంది.

“నొక్కమ్మా.”

“నొక్కాను.”

వెనక ఎడమ చక్రం దగ్గర పారదర్శకమైన గొట్టంలోంచి బుడగలు వచ్చాయి. బిగించాను. “వదులు.”

నాలుగైదు సార్లయ్యాక పైనుంచి అంది, “అప్పుడు కూడా ఇలాగే మెత్తగా దిగేదటగా, నాలుగు రోజుల ముందునుంచీ.”

నా చేతిలో రెంచి ఆగిపోయింది. ఎవరు చెప్పారని అడిగాను.

“మీ నాన్నే. ఆ రాత్రే, ఆసుపత్రిలో. కట్టు కట్టక ముందే చెప్పేశారు.” కాసేపాగి, “ఇప్పుడు గట్టిపడిందిరా. వదలనా?” అంది.

“ఉండమ్మా, ఇంకా మూడు చక్రాలున్నాయి.”