వాతం అన్న ఒక్క మాట

వాతమనే మాటను మనవారు ఎంత ఉదారంగా వాడుతారో మీరూ గమనించే ఉంటారు. మోకాలు పట్టేస్తే వాతం. మెడ తిరగకపోతే వాతం. వేళ్ళు వాస్తే వాతం. వంకాయ తిన్నందుకు వాతం. తినకపోయినా ఈ వయసులో వాతమే. సంస్కృతంలో ‘వా’ ధాతువుకు వీచుట, కదలుట అని అర్థం. కదలికను చెప్పే ధాతువునుండి పుట్టిన మాట మన ఇళ్ళలో కదలలేనితనానికి పేరై కూర్చోవడం విచిత్రమే.

ఆ మాటను శాస్త్రంలో వాడిన పూర్వులు ఇంత ఉదారులు కారు. చరకసంహిత వాతరక్తానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయాన్నే కేటాయించింది. మాధవకరుని నిదానగ్రంథంలో ఆమవాతానికి వేరే అధ్యాయం ఉన్నది. సంధిగతవాతం మరొకటి. ఇవి నేటి వైద్యులు చెప్పే గౌట్, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, ఆస్టియో ఆర్థ్రైటిస్ అనే వ్యాధులతో అక్షరాలా సమానమని నేననను గాని, పోలికలు మాత్రం స్పష్టంగానే కనిపిస్తాయి. కాలక్రమంలో ఆ సమాసాలలోని తక్కిన పదాలన్నీ రాలిపోయి, వాతం ఒక్కటే మన నాలుకమీద మిగిలింది. పేరు దొరికింది కదా అని విచారణ అక్కడితో ఆగిపోతుంది. నా బాధ అదే.

మా చెల్లెలికి నలభై ఆరేళ్ళ వయసులో, 2011 ప్రాంతాన, వేళ్ళు బిగుసుకోవడం మొదలైంది. తెల్లవారి ముగ్గుపిండి చిటికెడు పట్టడానికి వేళ్ళు దగ్గరకు వచ్చేవి కావు. పాలగిన్నె రెండు అరచేతుల మధ్య ఇరికించుకొని దింపేది. “అన్నయ్యా, పొద్దుగాల తొమ్మిదైతే గాని ఈ చేతులు నావి కావు” అని ఒకసారి నవ్వుతూనే అన్నది. ఇంటిల్లిపాదీ వాతమన్నారు. ఊళ్ళో సూది వేసే ఆయనా వాతమనే అన్నాడు. నెలకొక సూది, రోజుకొక నొప్పిమాత్ర. మూడేళ్ళు అట్లా గడిచాక హైదరాబాదులో కీళ్ళవ్యాధుల నిపుణుని వద్దకు తీసుకుపోయాము. ఆయన “నొప్పి ఎంత ఉన్నది?” అని ముందు అడగలేదు. “నిద్ర లేచాక బిగువు సడలడానికి ఎంతసేపు పడుతుంది?” అని అడిగాడు. రెండు గంటలని చెప్పింది. రెండు చేతులకూ ఒకే విధంగా ఉన్నదా, వేళ్ళ చివరి కణుపులా, మొదటి కణుపులా అని అడిగి, ఆ తరువాతనే రక్తపరీక్షలు రాశాడు.

ఆ ప్రశ్న వెనుక ఉన్న వివేకం నాకు తరువాత అర్థమైంది. వయసు మీదపడి మోకాళ్ళలో మృదులాస్థి అరిగినవారికి (మనవాళ్ళు గుజ్జు అరిగిందంటారు) ఉదయపు బిగువు సాధారణంగా అరగంట లోపే సడలిపోతుంది. కూర్చుని లేచినప్పుడు నాలుగడుగులు పట్టేసినట్లుండి వదులుతుంది. నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది. రుమటాయిడ్ దీనికి దాదాపు విరుద్ధం. శరీరాన్ని కాపాడవలసిన రక్షణవ్యవస్థే కీలు లోపలి పలుచని పొరపై దాడి చేయగా అది వాచి ఉబ్బుతుంది. ఉదయపు బిగువు తరచు గంటకు మించి ఉంటుంది, కదిలించేకొద్దీ కొంత ఉపశమిస్తుంది. మొదటిది ఏళ్ళ తరబడి సాగే అరుగుదల. రెండవది లోపల రగిలే నిప్పు. ఆర్పకపోతే కీలును, ఎముకను కూడా తినివేస్తుంది. మా చెల్లెలికి రెండవది. వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవలసిన మెథోట్రెక్సేటు ఇచ్చారు. రోజూ వేసుకుంటే ప్రాణాపాయమని వైద్యుడు చీటీమీద గీత గీసి మరీ చెప్పాడు. కొద్ది నెలల్లో వాపు తగ్గింది. కాని కుడిచేతి రెండు వేళ్ళు ఆ మూడేళ్ళలో వంగినవి వంగినట్లే ఉన్నాయి.

గౌట్ సంగతి వేరు. రక్తంలో యూరిక్ ఆమ్లం హెచ్చి, సూదులవంటి స్ఫటికాలుగా కీలులో పేరుకుంటే, తరచు కాలి బొటనవేలి మొదట్లో, అర్ధరాత్రి నిప్పు పెట్టినట్లు నొప్పి లేస్తుంది. ఇక్కడ మాంసానికి, మద్యానికి నిందపడటం న్యాయమే. పాపం, వంకాయమీద నేరం రుజువు కాలేదు.

ఇక నీళ్ళే కారణమైతే? నేను 1984లో నల్లగొండ జిల్లాలో తెలుగు పండితునిగా చేరినప్పుడు మునుగోడు, మర్రిగూడ ప్రాంతాలలో నలభై ఏళ్ళవారు మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి పలకరించడం చూశాను. తరగతిలో దొడ్డికాళ్ళ పిల్లలు, పళ్ళమీద గోధుమరంగు చారలు. ముసలివారు దాన్నీ వాతమనే అనేవారు. నల్లరాతి పొరలలోని భూజలంలో కరిగిన ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఎముకలలో చేరుతుంది; కీళ్ళను పట్టి ఉంచే స్నాయువులు సున్నమై గట్టిపడతాయి; వెన్నెముక ఒకే కర్రలా బిగుస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే నీటివసతి లేనిచోట ఒకటిన్నర వరకు మాత్రమే సమ్మతమని భారతీయ ప్రమాణం. ఇది కొత్త రహస్యమేమీ కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని గురించి 1937లోనే వైద్యపత్రికలో వ్యాసం వచ్చింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని నాగపూరులోని నీరి సంస్థ రూపొందించగా దానికి మా జిల్లా పేరే పెట్టారు, ‘నల్గొండ టెక్నిక్’ అని. ఒక జిల్లాకు ఇట్లాంటి కీర్తి కూడా దక్కుతుంది! 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక ఆ ఊళ్ళకు నదీజలాలు వచ్చాయి. ఆ నీళ్ళు తాగి పెరుగుతున్న పిల్లలను చూస్తే సంతోషమే. బిగిసిన వెన్నులు మాత్రం నీరు మారినంత మాత్రాన సడలవు.

దోమ తెచ్చిన కీళ్ళనొప్పి కూడా మనం ఎరిగినదే. 2005, 2006 సంవత్సరాలలో చికున్ గున్యా వచ్చినప్పుడు పేరు విని కోడిమాంసం మానుకున్నవారు మా వీధిలోనే ఉన్నారు. ఆ పేరుకు కోడితో సంబంధం లేదు. టాంజానియా దేశపు మకొండే భాషలో వంగిపోవడమని దాని అర్థం. జ్వరం వారంలో పోయినా కొందరికి నొప్పులు నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఉండిపోయాయి. జ్వరంతోపాటు ఒకే కీలు ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకోనివ్వకపోతే అది మరొక సంగతి. లోపల చీము పట్టి ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి పోవలసినదే తప్ప కాపడాలతో కాలయాపన తగదు.

పద్యవ్యాఖ్యానానికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయో, నొప్పికీ అన్ని ఉన్నాయి: సలుపు, పోటు, పీకు, తీపు, గుంజు, మంట, తిమ్మిరి. ఇన్ని మాటలు గల జాతి వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు మాత్రం “వాతమండీ” అని ఊరుకుంటుంది.

పదవీ విరమణ చేసిన మూడో ఏట నా కుడిభుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవడానికి మా ఆవిడ సాయం కావలసి వచ్చేది. నాలుగు దశాబ్దాలపాటు నల్లబల్లమీద సుద్దముక్కతో రాసిన ఫలమని తోటి ఉపాధ్యాయులు తీర్పు చెప్పారు. వినడానికి గౌరవంగానే ఉన్నది. వైద్యుడు ఆ మాట విని చిరునవ్వు నవ్వి, చక్కెర పరీక్ష చేయించుకు రమ్మన్నాడు. మధుమేహం ఉన్నవారిలో భుజం ఇట్లా బిగుసుకోవడం ఇతరులలో కంటే ఎక్కువట. పరీక్షలో చక్కెర ఉన్నట్లే తేలింది. మందులు, గోడమీద వేళ్ళతో పాకే వ్యాయామం, ఓపిక, ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు పై అరలోని సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలను ఎవరినీ పిలవకుండానే దింపుకుంటున్నాను.