ఆదోని బండల మీది తూనీగ

గుంతకల్లు నుంచి రాయచూరు వైపు సాగే రైలుమార్గంలో నల్లరేగడి చేలు ఎడతెగకుండా వస్తూ వస్తూ, ఆదోని దగ్గర పడేసరికి ఆ మైదానంలోంచి గ్రానైటు గుట్టలు లేస్తాయి. వలయంగా ఉన్న ఐదు కొండలను కలుపుకొని కట్టిన ఆదోని కోటలో బారాకిల్లా, తాలిబండ అనే రెండు శిఖరాలు చుట్టుపక్కల నేలకన్నా సుమారు 800 అడుగుల ఎత్తున ఉంటాయి. విజయనగర రాజుల తర్వాత బీజాపూరు సుల్తానుల చేతిలోకి వెళ్లి, ఆపైన పలువురి ఏలుబడి చూసిన ఈ కోటను 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి పట్టుకున్నాడు. 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. చరిత్ర పుస్తకాలకు ఈ కొండల్లో ముఖ్యమైనది కోట గోడ. తూనీగల కోసం వచ్చే యాత్రికుడికి ముఖ్యమైనది ఆ గోడ నిలిచిన బండ, ఆ బండలో నీరు నిలిచే దొన.

దొన అంటే బండ పైభాగంలో సహజంగా ఏర్పడిన గుంట. దక్కను గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఎండకు వ్యాకోచించి, రాత్రి చలికి ముడుచుకొని, పొరలు పొరలుగా ఊడిపోయే క్రమంలో దాని మీద పళ్లెమంత గుంటలు మొదలుకొని చిన్న కోనేరంత గుంటల దాకా ఏర్పడ్డాయి. కోటకొండ సగం ఎత్తున ఎన్నడూ ఎండదని ప్రసిద్ధి పొందిన చెరువు ఒకటి ఉందని పాత గెజిటీర్లు ప్రత్యేకంగా పేర్కొన్నాయి. వర్షపాతం తక్కువైన ఈ సీమలో సెప్టెంబరు, అక్టోబరు నెలల వానలకు దొనలన్నీ నిండుతాయి కనుక, కొండ ఎక్కడానికి అదే అనువైన కాలం. ఎండ ముదరకముందే రణమండల ఆంజనేయస్వామి గుడి మెట్లు ఎక్కడం మొదలుపెడితే తొమ్మిది గంటల ప్రాంతానికి బండలు వెచ్చబడతాయి, తూనీగలు వాటి మీదికి చేరతాయి.

అయితే అవి కనబడవు. బూడిద రంగు మీద నలుపు, తెలుపు మచ్చలు చెదిరినట్టుండే ఈ తూనీగ రెక్కలను నాలుగు వైపులా బండకు ఆనించి, దేహాన్ని రాతికి అదిమిపెట్టి కూర్చుంటుంది. అడుగు దూరంలోకి వచ్చాక అది లేచి, రెండు గజాల అవతల మరో బండ మీద వాలినప్పుడే అక్కడ ప్రాణి ఉన్నట్టు తెలుస్తుంది. వాలిన చోటుమీదే చూపు నిలిపి, నీడ దాని మీద పడకుండా పక్కనుంచి మెల్లగా దగ్గరైతే వివరాలు ఒక్కొక్కటిగా తేలతాయి. కళ్లు పైన గోధుమ రంగు, కింద బూడిద రంగు. రెక్కలు నీటిలా పారదర్శకం. ప్రతి రెక్క కొస దగ్గర, ముందంచున, నడుమ నల్లగా, రెండు చివరలా తెల్లగా ఉండే చిన్న దీర్ఘచతురస్రపు గడి. తోక చివర మీగడ రంగులో రెండు చిన్న కొక్కేలు. ఆడ, మగ తూనీగలు దాదాపు ఒకే తీరున ఉంటాయి. శాస్త్రవేత్తలు దీనిని బ్రాడినోపైగా జెమినేటా అంటారు. గ్రానైట్ ఘోస్ట్ అనే ఇంగ్లీషు పేరు కూడా వాడుకలో ఉంది.

రెక్క అంచున ఉండే ఆ గడిని టెరోస్టిగ్మా అంటారు. చుట్టూ ఉన్న పొరకన్నా అది కాస్త మందం, కాస్త బరువు. ఎగిరేటప్పుడు, ముఖ్యంగా తేలిపోయేటప్పుడు, రెక్క కొస అదుపుతప్పి కొట్టుకోకుండా ఆ బరువు నిలుపుతుంది. ఎగరడానికి పనికొచ్చే ఈ గడి వర్గీకరణకారులకు గుర్తింపు చిహ్నంగా కూడా పనికివస్తుంది, ఎందుకంటే దాని రంగు, పొడవు, దాని కింద పడే అరల సంఖ్య జాతిని బట్టి మారుతుంటాయి.

ఈ తూనీగను శాస్త్రానికి మొదట పరిచయం చేసినవాడు ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త రాంబూర్; 1842లో ఆయన దీనిని లిబెల్లులా అనే విశాలమైన ప్రజాతిలో చేర్చాడు. ప్రజాతి అంటే దగ్గరి బంధుత్వమున్న జాతుల సమూహం. 1893లో విలియం కిర్బీ బ్రాడినోపైగా అనే ప్రజాతిని వేరుచేశాక జెమినేటా అందులోకి వచ్చింది; జాతి పేరు పక్కన రాంబూర్ పేరును కుండలీకరణాల్లో రాయడానికి కారణం, ఆయన పెట్టిన ప్రజాతి తర్వాత మారిందని చదువరికి తెలియజేయడమే. బ్రిటిష్ ఇండియా జంతుజాలం అనే గ్రంథమాలలో ఫ్రేజర్ 1933, 1934, 1936 సంవత్సరాల్లో వెలువరించిన మూడు తూనీగ సంపుటాలు నేటికీ భారతీయ పరిశోధకుల చేతిలో ఉండే ప్రాథమిక గ్రంథాలు. ఇదే ప్రజాతికి చెందిన స్ట్రాచని, కార్నూటా అనే రెండు జాతులు ఆఫ్రికాలో ఉన్నాయి. భారతదేశపు బండల మీద మాత్రం దాదాపు రెండు శతాబ్దాలపాటు జెమినేటాదే రాజ్యం అన్నట్టు సాగింది.

ఆ సౌకర్యమే ఒక పొరపాటుకు తావిచ్చింది. రాతి మీద బూడిద రంగు తూనీగ కనబడితే చాలు, పరిశీలకుడు మరో చూపు చూడకుండా జెమినేటా అని రాసుకునేవాడు. 2020లో శంతను జోషి, దత్తప్రసాద్ సావంత్ అనే ఇద్దరు పరిశోధకులు మహారాష్ట్రలోని కొంకణ్ తీరప్రాంతం నుంచి బ్రాడినోపైగా కొంకనెన్సిస్ అనే కొత్త జాతిని జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సాలో వర్ణించినప్పుడు, ఆ ధీమా చెదిరింది. కొంకణ్ రాయి ఆదోని రాయి కాదు. అక్కడ అరేబియా సముద్రపు భారీ వర్షాలకు నానే లాటరైటు, అనగా ఇనుము అధికంగా ఉండి తుప్పురంగుకు తిరిగిన, రంధ్రాలతో నిండిన ఎర్రరాయి, పీఠభూములుగా పరుచుకొని ఉంటుంది. కొత్త జాతి ఎవరూ అడుగుపెట్టని అడవిలో దొరకలేదు; జనసంచారం ఉన్న తీరంలో, బాగా తెలిసినదనుకున్న జాతి పోలికల చాటున ఇన్నాళ్లూ ఉండిపోయింది.

ఒక కొత్త జాతిని వర్ణించడం అంటే పాత జాతిని మరింత నిశితంగా వర్ణించడమే. నియమం ప్రకారం పరిశోధకుడు ఒక నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ పేరు శాశ్వతంగా అంటిపెట్టుకొని ఉండే ఏకైక నమూనాగా, ప్రకటించి, దానితోపాటు పరిశీలించిన తక్కిన నమూనాలను పారాటైప్‌లుగా నమోదు చేసి, అన్నిటినీ ఇతరులు చూడగలిగే సంగ్రహాలయంలో భద్రపరచాలి. కానీ ఆ పత్రంలో తూకం వేయాల్సిన భాగం పేరు కాదు, భేదనిర్ణయం; దగ్గరి బంధువులతో ఏయే లక్షణాల్లో ఇది వేరో చూపే ఆ పేరాకు, పాత జాతి నమూనాలు ఎదురుగా లేకపోతే విలువ లేదు. ఈ దృష్టితో చూస్తే, ఏమీ కొత్తది దొరకని ఆదోని కొండ కూడా కొంకణ్ కథలో భాగమే, ఎందుకంటే జెమినేటాలో ప్రాంతాన్ని బట్టి ఎంత వైవిధ్యం ఉంటుందో తెలిసినప్పుడే, ఆ హద్దు దాటినది మరో జాతి అని చెప్పడానికి వీలవుతుంది.

రంగును మాత్రమే నమ్ముకోవడం ప్రమాదకరం. లార్వా దశ ముగించి, కుబుసం వదిలి కొత్తగా బయటపడిన తూనీగ పాలిపోయి ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ రంగులు ముదురుతాయి, కొన్ని జాతుల మగవాటి మీద బూడిద వంటి మైనపు పొర పేరుకుంటుంది. అందువల్లనే వర్గీకరణకారులు మగ తూనీగ ఉదరం అడుగున ఉండే ద్వితీయ జననాంగాల మీద ఎక్కువగా ఆధారపడతారు. తూనీగ ఉదరంలో పది ఖండాలుంటాయి. మగదాని వీర్యం తొమ్మిదో ఖండంలో బయటికి వస్తుంది, కాని అది దానిని ముందుగా రెండో ఖండం అడుగున ఉన్న అవయవంలోకి మార్చుకొని, ఆ తర్వాతే ఆడదానికి అందిస్తుంది. తోక చివరి కొక్కేలతో ఆడ తూనీగ తలను పట్టుకున్నాక, ఆడది తన ఉదరాన్ని ముందుకు వంచి ఆ రెండో ఖండాన్ని అందుకుంటుంది. కీటకాల్లో మరెక్కడా ఇంతటి వంకరదారి కనబడదు. ఈ అవయవాల ఆకారం వయసుతో మారదు, జాతికి జాతికి మారుతుంది; ఆడవాటిలో ఎనిమిదో ఖండం అడుగున ఉండే చిన్న పలక కూడా ఇలాంటి ఆధారాన్నే ఇస్తుంది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు దాదాపు 30 కిలోమీటర్లు. పత్తి జిన్నింగ్ మిల్లులు వెనుకబడగానే మళ్లీ నల్లరేగడి మొదలవుతుంది. మధ్యలో తుంగభద్ర దిగువ కాలువ నీరు పారే చోట్ల వరి, గడ్డి, జమ్ము పెరిగి తూనీగల సమాజం పూర్తిగా మారిపోతుంది. కాలువ గట్టున ఎర్రటి మగ తూనీగలు రెండు రకాలు కలిసి తిరుగుతుంటాయి. వాటిలో క్రోకోథెమిస్ సర్విలియా నెత్తురు ఎరుపులో ఉండి, ఉదరం పైన పొడవునా సన్నని నల్లగీత కలిగి ఉంటుంది. ట్రైథెమిస్ అరోరా ఎరుపులో గులాబీ ఛాయ కలిసి, రెక్కల ఈనెలు కూడా ఎర్రగా మెరుస్తాయి. రెండింటికీ రెక్కల మొదట్లో కాషాయపు మచ్చ ఉండటంతో దూరం నుంచి చూసేవారు ఒకదానికి బదులు మరొకటి రాసుకోవడం మామూలే. కొండ మీద బూడిద రంగుల మధ్య కష్టమైన అభ్యాసాన్ని కాలువ గట్టున ఈ జంటతో మొదలుపెట్టడం మేలు.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం ఈ పట్టణానికి దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది. ఆయనకు 1954లో పద్మశ్రీ లభించింది. నేతగాడు బట్ట రంగు చూసి మోసపోకుండా పోగులు లెక్కపెట్టి నాణ్యం తేల్చినట్టే, తూనీగల పరిశోధకుడు రెక్కలోని అడ్డ ఈనెలను లెక్కపెడతాడు. రెక్క ముందంచు నడుమ చిన్న నొక్కులాగా కనిపించే కీలు ఒకటి ఉంటుంది, దానిని నోడస్ అంటారు. రెక్క మొదలు నుంచి నోడస్ దాకా ఉన్న అడ్డ ఈనెల సంఖ్య, రెక్క మొదట్లో ఉండే త్రిభుజాకారపు అర అడ్డంగా చీలి ఉందా లేదా అన్న విషయం, వర్ణన పత్రాల్లో తప్పక కనిపిస్తాయి.

ఎమ్మిగనూరు ఇళ్లలో, షెడ్లలో మూత లేని సిమెంటు తొట్లు ఎక్కువ. దొనల్లో గుడ్లు పెట్టే జెమినేటా వాటినీ దొనలుగానే భావిస్తుంది. తొట్టి అడుగున పేరుకున్న ఒండ్రులో కదలకుండా పడివుండే దాని లార్వా, ముఖం కింద మడతపెట్టుకొని ఉన్న కీలు పెదవిని చాచి దోమ పిల్లలను అందుకొని తింటుంది. డెంగ్యూను వ్యాపింపజేసే దోమలు కూడా అలాంటి నిలవనీటిలోనే పెరుగుతాయి కనుక తూనీగ లార్వాలతో వాటిని అదుపుచేయడం మీద మన దేశంలో ప్రయోగాలు జరిగాయి. వారానికోసారి తొట్టి కడిగి ఎండబెట్టాలన్న ఆరోగ్యశాఖ సలహా దోమకూ తూనీగకూ సమానంగా వర్తిస్తుంది. ఇందులో తూనీగ పక్షాన వాదించడం కష్టం.

అక్కడి నుంచి మంత్రాలయం గంటలోపు ప్రయాణం. రాఘవేంద్రస్వామి మఠం వెనుక తుంగభద్ర వానాకాలం నీటితో నిండుగా ఉన్నా, ఒడ్డున, నడిమధ్యన గ్రానైటు గుండ్లు తేలి ఉంటాయి. సాయంత్రం ఘాట్ల మీద గుంపులుగా ఎగిరే పసుపు తూనీగ పాంటాలా ఫ్లేవెసెన్స్. 1798లో ఫాబ్రిసియస్ వర్ణించిన ఈ జాతి ప్రపంచపు ఉష్ణమండలాలన్నిటా ఉంది. భారతదేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా చేరుతుందని చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రతిపాదించాడు. వాన మబ్బుల వెంట సముద్రాలు దాటే జాతి ఎక్కడ చూసినా ఒకే జాతిగా మిగిలిపోగా, రాతినీ దాని గుంటనూ అంటిపెట్టుకొని బతికే బ్రాడినోపైగాలు ఒక్కో రాతి సీమలో ఒక్కో తీరుగా విడిపోవడానికి అవకాశం ఎక్కువ.

కాబట్టి ఈ దారిలో వెళ్లే ఔత్సాహికుడు బండ మీది తూనీగను పైనుంచి మాత్రమే ఫొటో తీసి ఊరుకోకూడదు. టెరోస్టిగ్మా స్పష్టంగా కనిపించే ఒక చిత్రం, పక్కనుంచి రెండో ఖండం అడుగు కనిపించే మరో చిత్రం, ఆడదైతే ఎనిమిదో ఖండం అడుగు, వాలిన రాయి గ్రానైటా లాటరైటా అన్న సంగతి, తేదీ, ఊరు, ఎత్తు. ఇవి ఉంటే, నమూనాలు పట్టే అనుమతి లేని వ్యక్తి నమోదు కూడా హైదరాబాద్ అత్తాపూర్‌లోని జూలాజికల్ సర్వే మంచినీటి జీవశాస్త్ర కేంద్రంలో పనిచేసే నిపుణుడికి ఉపయోగపడుతుంది. కొండ మీది దొనలో తేలే కుబుసాన్ని, ఎండిన చిన్న డబ్బాలో దూదితో పెట్టి, లోపల తేదీ రాసిన చీటీ వేసి తెచ్చుకుంటే మరీ మంచిది. లార్వా పెదవి అంచున ఉండే వెంట్రుకల లెక్క కూడా ఆ పెంకులో చెక్కుచెదరకుండా ఉంటుంది.